సవర మాట నుంచి తెలుగు బాట దాకా: గిడుగు పట్టుదల, గోదావరి తీరం

ఆగస్టు నెలలో మనకు రెండు ముఖ్యమైన రోజులున్నాయి. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ రోజు డోలు మోగుతుంది, కొమ్ము నృత్యం జరుగుతుంది, ఊరేగింపు సాగుతుంది. 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు బడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు. ఒక రోజుకూ ఇంకో రోజుకూ సంబంధమే లేనట్టు రెండూ గడిచిపోతాయి. మేము కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాం. ఉపాధ్యాయ శిక్షణలో గిడుగు వారి గురించి చదివాం, పరీక్షలో ‘వ్యావహారిక భాషోద్యమ పితామహుడు’ అని రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆయన తన జీవితంలో ఎన్ని దశాబ్దాలు ఒక గిరిజన భాష కోసం వెచ్చించారో, ఆ భాష ఆయనకు ఏమి నేర్పిందో మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మన యువతీ యువకులు ఆ సంగతి తెలుసుకోవాలనే ఈ వ్యాసం. కొత్త ఆలోచన తలకెత్తుకున్నవాడిని లోకం ముందు నవ్వుతుంది, తర్వాత తిడుతుంది. ఆ తర్వాత కూడా నిలబడినవాడి మాటను మెల్లగా తన మాటే అన్నట్టు చెప్పుకుంటుంది. గిడుగు వారి కథలో ఈ మూడూ జరిగాయి. అందులో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని మన గోదావరి తీరంలోనే జరిగాయి.

పర్లాకిమిడి బడిపంతులు

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టా తీసుకున్నారు. ఆయనకు ఇష్టమైన విషయం చరిత్ర. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి పాత లిపులను తనకు తానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉండేవారు. కట్టెలూ చింతపండూ అడవి సరుకూ మోసుకుని సంతకు దిగేవారు. అమ్మడానికీ కొనడానికీ వచ్చినప్పుడు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే భాష పట్నంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు. షావుకారుకు లెక్క తెలిస్తే చాలు, అమీనాకు సంతకం పడితే చాలు. వాళ్ళ భాష తెలియకపోవడం వ్యాపారికి లాభమే.

అలాంటి చోట ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు సవర భాష నేర్చుకుంటానన్నాడు. ఆ రోజుల్లో అదెంత విడ్డూరమో ఊహించండి. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, అందులో ఒక్క పుస్తకం లేదు. నేర్చుకుంటే జీతం పెరగదు, గౌరవం పెరగదు. తెలుగు తెలిసిన ఒక సవర కుర్రవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర కూర్చుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ కుర్రవాడు అక్కడ నౌకరు కాదు, గురువు. గురువు కొండ మీదివాడు, శిష్యుడు పట్టణంలో పంతులు. మన దేశ చరిత్రలో ఈ దృశ్యం తరచుగా కనబడదు.

సవర భాష తెలుగులా ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు, ముండా కుటుంబానికి చెందినది. మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే ధ్వని అందులో ఉంది. దానికి తెలుగు అక్షరం లేదు. అటువంటి ధ్వనులను వినాలి, పట్టుకోవాలి, గుర్తు పెట్టి రాయాలి. అందుకోసం ఆయన ధ్వనిశాస్త్రం చదివారు. కొండల్లో తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. వినడం మీదే ఆధారపడిన పనిలో ఉన్న మనిషికి చెవుడు వచ్చింది. అయినా పని ఆగలేదు.

సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడి పెట్టారు. వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం ఆ పనికి పారితోషికం ఇవ్వబోతే, అది తనకు వద్దనీ, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమనీ కోరారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు 75 ఏళ్ళు. యౌవనంలో మొదలుపెట్టిన పని ముసలితనంలో పుస్తకంగా చేతికి అందింది.

కొండ భాష నేర్పిన పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లిపి లేని భాషను శ్రద్ధగా విన్నవాడికి ఒక సత్యం తెలుస్తుంది. భాష పుస్తకంలో పుట్టదు, నోట్లో పుడుతుంది. రాయకపోయినా దానికి నియమం ఉంటుంది. సవర పిల్లవాడు ఏ వ్యాకరణమూ చదవకుండానే తన భాషను తప్పు లేకుండా మాట్లాడతాడు. ఆ నియమం ఏమిటో కనిపెట్టి రాయడమే వ్యాకరణకర్త పని. మాట్లాడేవాడికి ‘ఇలా మాట్లాడు’ అని హుకుం వేయడం అతని పని కాదు.

ఈ చూపుతో తెలుగు వైపు తిరిగితే ఏమి కనిపించింది? పిల్లలు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడతారు, బడిలో వందల ఏళ్ళ నాటి కావ్యాల తెలుగులో వ్యాసం రాయాలి. ‘వచ్చాడు’ అని రాస్తే తప్పు, ‘వచ్చెను’ అనాలి. అరసున్న, బండి ‘ఱ’ తప్పితే మార్కులు పోతాయి. పిల్లవాడికి విషయం తెలిసినా చెప్పలేడు. 1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్స్ దొరకు కూడా ఇదే సందేహం వచ్చింది. గిడుగు, గురజాడ, విశాఖపట్నంలో ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, యేట్స్ ఒక్క మాట మీద నిలిచారు. చదువుకున్నవాళ్ళు మర్యాదగా మాట్లాడుకునే తెలుగులోనే రాయాలి, అందులోనే చదువు చెప్పాలి అన్నారు.

తెలుగు రాత మారడానికి కారణాలు అనేకం. కానీ ఆ పోరాటానికి నాయకత్వం వహించిన మనిషి భాషను వినడం నేర్చుకున్నది ఒక సవర కుర్రవాడి దగ్గర. ఈ రోజు మీరు పత్రికలో, పాఠ్యపుస్తకంలో, ఫోనులో సులువుగా చదువుకుంటున్న తెలుగు వెనుక ఒక గిరిజన భాష చేసిన మేలు ఉందని మేము గట్టిగా నమ్ముతాం. ఆ కుర్రవాడి పేరు పాఠ్యపుస్తకాల్లో లేదు. అందుకే పటానికి దండ వేసే రోజున మనం అతణ్ణి కూడా తలచుకోవాలి.

గోదావరి తీరంలో ఎదురుగాలి

కొత్త మాట చెప్పగానే పండితలోకం భగ్గుమంది. వాడుక భాషకు ‘గ్రామ్యం’ అని పేరు పెట్టారు. అంటే మోటు, నాగరికత లేనిది అని. నన్నయ, తిక్కనల భాషను పాడుచేస్తున్నారని నిందించారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. దాని స్థాపకుడు జయంతి రామయ్య పంతులు గారు. ఆయన మన కోనసీమలోని ముక్తేశ్వరం వారు. ఆ పరిషత్తు తర్వాత కాకినాడకు తరలివచ్చింది. వాడుక భాషను వ్యతిరేకించినవారికి బలమైన కోట మన గోదావరి జిల్లాలోనే ఉందన్నమాట.

1912–13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని పాత కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గెలిచామనుకున్నారు. ఊరూరా సభలు పెట్టి, మహజర్లు పంపి పండితులు ఒత్తిడి తెచ్చారు. కొద్దికాలానికే ఆ ఉత్తర్వు రద్దయిపోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. చేతికొచ్చినది జారిపోయింది, స్నేహితుడు పోయాడు. అప్పటికి రామమూర్తి గారికి యాభై దాటింది. ఉద్యోగ విరమణ కూడా చేశారు. ‘ఇక చాలు’ అని ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆయన కూర్చోలేదు. ఇక్కడ ఆయన పద్ధతిని మన యువత గమనించాలి. తిట్టినవారిని తిరిగి తిట్టడానికి ఆయన తన శక్తినంతా ఖర్చు చేయలేదు. పాత గ్రంథాలన్నీ ముందేసుకుని చదివారు. వ్యాకరణం పేరుతో బెదిరిస్తున్న పండితులు తమ సొంత రచనల్లోనే ఆ వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ తప్పారో పుట చూపించి చెప్పారు. ఎవరూ మాట్లాడని భాషను ఈ కాలంలో ఎంత పండితుడైనా తప్పు లేకుండా రాయలేడు అన్నది ఆయన వాదం. దానికి రుజువులు పోగుచేశారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’, ‘గద్య చింతామణి’ ఆ శ్రమ ఫలితాలే. ఆయన మాటల పదును చూసి జనం ‘గిడుగు కాదు, పిడుగు’ అన్నారు. కానీ ఆ పిడుగు వెనుక రాత్రింబవళ్ళ చదువు ఉంది.

అదే తీరంలో ఆసరా

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారున్నారు. వితంతు వివాహం శాస్త్రసమ్మతమని చెప్పి, ఊరంతా వెలివేస్తామన్నా 1881 డిసెంబరు 11న మొదటి పెళ్ళి జరిపించిన మనిషి. ఆయన తన పుస్తకాల్లో ఎక్కువ భాగం గ్రాంథికంలోనే రాశారు. ఆ భాషకు వ్యాకరణం కూడా రాశారు. అటువంటి పెద్దాయన డెబ్బై ఏళ్ళ వయసులో గిడుగు వారి వాదం వైపు వచ్చారు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం గారు అధ్యక్షుడు, రామమూర్తి గారు కార్యదర్శి. మూడు నెలలకే, మే 27న వీరేశలింగం గారు మరణించారు. జీవితమంతా రాసిన పద్ధతిని చివరి రోజుల్లో పక్కన పెట్టి, ‘ఇది సరైనది’ అనిపించిన దాని వైపు నిలబడడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పట్టుదల ఒక గొప్పతనమైతే, మనసు మార్చుకోగలగడం ఇంకో గొప్పతనం.

అదే ఏడాది రామమూర్తి గారు ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. అది ఏడాది మాత్రమే నడిచింది. మళ్ళీ ఓటమి. మళ్ళీ ప్రయాణాలు, మళ్ళీ సభలు. 1924 అక్టోబరు 13న కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలపాటు మాట్లాడి, గ్రంథాల్లోని ప్రయోగాలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి సభను తన వైపు తిప్పుకున్నారు. వినికిడి మందగించిన అరవై రెండేళ్ళ మనిషి నాలుగు గంటలు నిలబడి చెప్పగలిగారంటే, దానికి ముందు ఎన్ని వేల గంటలు చదివి ఉండాలి!

ఒక మాట చెప్పుకోవాలి. ఎదిరించిన జయంతి రామయ్య గారు చెడ్డవారు కారు. ఆయన శాసనాలు పరిశోధించారు, సూర్యరాయాంధ్ర నిఘంటువు అనే మహాకార్యానికి పూనుకున్నారు. భాష మీద ప్రేమతోనే ఆయన అటు నిలిచారు, ప్రేమతోనే గిడుగు వారు ఇటు నిలిచారు. మనల్ని విమర్శించే ప్రతివారూ మన శత్రువులు కారు. వారి ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలోనే మన ఆలోచన గట్టిపడుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని వ్యతిరేకించిన రామమూర్తి గారు యాభై ఆరేళ్ళు బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. డెబ్బై రెండేళ్ళ వయసులో గోదావరి ఒడ్డున కొత్త కాపురం. సవర నిఘంటువు అచ్చయిందీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ ఇచ్చిందీ ఆయన ఇక్కడికి వచ్చిన తర్వాతే, 1938లో. ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా సవర భాషలో పండితుడు. సవరల గురించి ఆయన రాసిన వ్యాసాలను రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి తన పత్రికలో ప్రచురించింది. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకుల ముందు, వాడుక భాషలో రాయండని రామమూర్తి గారు చివరి విన్నపం చేసుకున్నారు. వారం రోజులకు, జనవరి 22న కన్నుమూశారు. విశ్వవిద్యాలయాలు ఆయన మాటను పూర్తిగా ఒప్పుకునేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. దాన్ని చూడటానికి ఆయన లేరు.

మన భాషలకు మనమే గిడుగులం

ఆయన పర్లాకిమిడి వదిలిన 1936లోనే, ఆ పక్క కొండల్లో ఇంకో విశేషం జరిగింది. మంగయ్ గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు ‘సొరా సొంపెంగ్’ అనే సొంత లిపిని సృష్టించారు. మొదటిసారి ఒక సవర మనిషే తన గొంతులోని ధ్వనికి తన గుర్తు పెట్టుకున్నాడు. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు దాన్ని కంప్యూటరులో, ఫోనులో రాయవచ్చు. బయటివాడు ప్రేమతో చేసిన పని ఒక మెట్టు. మనవాడు మనకోసం చేసుకున్న పని దానిపై మెట్టు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు వచ్చాయి. గిడుగు వారు తన ఇంటి బడిలో చేసినది నూరేళ్ళ తర్వాత ప్రభుత్వ పథకమైంది.

మా హాస్టలు సంగతి కొంచెం చెబుతాం. చింతూరు, కూనవరం వైపు నుంచి వచ్చే కోయ పిల్లలు రాత్రి ఫోనులో అమ్మతో కోయలో మాట్లాడుతూ, మేము అటు వెళ్ళగానే తెలుగులోకి మారిపోయేవారు. అడిగితే తల దించుకునేవారు. పోలవరం ముంపుతో ఊరు కదిలి మైదానానికి వచ్చిన కుటుంబాల పిల్లలయితే ఇంట్లో కూడా కోయ తగ్గిపోయిందన్నారు. మేము వసారాలో ఒక గోడ పత్రిక పెట్టాం. వారానికి ఒకరు తమ ఊరి సామెతో, అమ్మమ్మ చెప్పిన కథో, పండుగ పాట పుట్టిన సందర్భమో కోయలో, తెలుగు లిపిలో రాయాలి. మొదటి నెల ఎవరూ రాయలేదు. తర్వాత ఒక అమ్మాయి చెట్ల పేర్లు రాసింది. ‘మా ఊళ్ళో దాన్ని అలా అనరు’ అని ఇంకో అమ్మాయి పక్కన రాసింది. ఆ కొట్లాటతో పత్రిక బతికింది.

చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, “పదో తరగతి పరీక్ష కోయలో రాస్తారా అమ్మా? ఇంగ్లీషు నేర్పండి” అన్నారు. మా మనసు చివుక్కుమంది. పరీక్షలు దగ్గరపడ్డాయని మేమే ఒక టర్మ్ పత్రిక ఆపేశాం కూడా. ఆ తప్పు ఒప్పుకుంటున్నాం. మళ్ళీ మొదలుపెట్టించింది పిల్లలే. ఆ పెద్దమనిషి ప్రశ్న తప్పేమీ కాదు. ఇంగ్లీషూ కావాలి, తెలుగూ కావాలి. కానీ అవి నేర్చుకోవడానికి ఇంటి మాటను సిగ్గుతో దాచుకోనక్కర్లేదు. గిడుగు వారు సవర, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ పని చేశారు. ఒకటి ఇంకోదానికి అడ్డం రాలేదు.

అందుకని మన యువతకు మా మనవి. మీలో కొందరు కోయలో ర్యాప్ పాట కడుతున్నారు, కొండరెడ్ల జీవితం మీద చిన్న సినిమాలు తీస్తున్నారు, తాతల కథలకు బొమ్మలు గీస్తున్నారు. ‘ఇదేం పని?’ అని ఇంట్లోవాళ్ళే అనవచ్చు. ‘ఇది మన సంప్రదాయం కాదు’ అని పెద్దలు, ‘దీనికి మార్కెట్ లేదు’ అని బయటివాళ్ళు అనవచ్చు. గిడుగు వారు చేసినట్టు చేయండి. ముందు బాగా వినండి. విన్నది రాసిపెట్టుకోండి. విమర్శలో నిజం ఉంటే సరిదిద్దుకోండి, లేకపోతే రుజువు చూపించండి. ఒక ఉత్తర్వు రద్దయిందనీ, ఒక పత్రిక ఆగిపోయిందనీ పని మానుకోవద్దు.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. మీ అమ్మమ్మ దగ్గర కూర్చుని, ఇప్పుడు ఎవరూ వాడని మాటలు పది అడిగి రాసుకోండి. ఏ మాట ఎవరు చెప్పారో పక్కనే వారి పేరు కూడా రాయండి. పర్లాకిమిడిలో పంతులు గారికి పాఠం చెప్పిన ఆ సవర కుర్రవాడి పేరు మనకు అందలేదు. మనకు చెప్పినవారి పేర్లు మాత్రం పోకూడదు.